ఖాళీగా మిగిలిన ఫీల్డు: జావా వెబ్ సర్వీసుల్లో యానొటేషన్ ఇంజెక్షన్, దాని చిక్కుల చరిత్ర

జావాలో రాసిన వెబ్ సర్వీసు క్లాసుకు డేటాబేసుతో మాట్లాడిపెట్టే మరో క్లాసు కావాలి. దాన్ని ‘న్యూ’ అని తనే తయారు చేసుకోకుండా, బయటి నుంచి ఎవరో తెచ్చి చేతికి అందించడాన్ని డిపెండెన్సీ ఇంజెక్షన్ అంటారు. తెచ్చి ఇచ్చే సాఫ్ట్‌వేర్ పేరు కంటెయినర్. ఏ ఫీల్డుకు ఏది కావాలో ఆ ఫీల్డు నెత్తినే ఒక చిన్న గుర్తు పెట్టి చెప్పడం యానొటేషన్ పద్ధతి. పద్ధతి సులువే. చిక్కల్లా అది పని చేయనప్పుడు వస్తుంది. గుర్తు ఉన్నచోటే ఉంటుంది, కంపైలర్ మాట్లాడదు, సర్వర్ హాయిగా లేచి కూర్చుంటుంది. మొదటి రిక్వెస్టు రాగానే లాగ్‌లో నల్ పాయింటర్ ఎక్సెప్షన్ పడుతుంది. ఫీల్డులోకి ఎవరూ ఏమీ తేలేదన్నమాట. ఎందుకు తేలేదన్న ప్రశ్నకు 2006లో ఒక జవాబు, 2009లో మరొకటి, 2020 తర్వాత ఇంకొకటి వచ్చాయి.

యానొటేషన్లకు ముందు ఈ పని అడుక్కోవడంగా ఉండేది. సన్ మైక్రోసిస్టమ్స్ 1999 డిసెంబరులో జే2ఈఈ తొలి వెర్షన్‌ను విడుదల చేసింది. అందులో క్లాసు తనకు కావలసిన వస్తువును జేఎన్‌డీఐ అనే పేర్ల పట్టికలో వెతుక్కోవాలి. ‘ఇనిషియల్ కాంటెక్స్ట్’ తెరవడం, ‘జావా:కాంప్/ఎన్వ్’తో మొదలయ్యే పొడవాటి పేరుతో లుకప్ చేయడం, వచ్చినదాన్ని సరైన టైపుకు మార్చుకోవడం, దారిలో వచ్చే ఎక్సెప్షన్లను పట్టుకోవడం, ఇదంతా ఒక్క వస్తువు కోసం. ఆ పేరు అసలు దేన్ని సూచిస్తుందో వేరే ఎక్స్‌ఎంఎల్ ఫైళ్లలో రాయాలి. ఈజేబీలకు, అంటే సర్వర్‌లో వ్యాపార తర్కం నడిపే క్లాసులకు, ఒక డిస్క్రిప్టర్, వెబ్ భాగానికి వెబ్.ఎక్స్‌ఎంఎల్, వీటికి తోడు సర్వర్ తయారీదారు సొంత ఫైలు. ఒక్క అక్షరం తప్పితే ‘నేమ్ నాట్ ఫౌండ్’ ఎక్సెప్షన్ వచ్చేది. ఆ కాలాన్ని తలచుకుని నిట్టూర్చేవాళ్లు కూడా ఒక సంగతి ఒప్పుకోవాలి: తప్పు ఎక్కడ ఉందో ఆ లైన్లోనే తెలిసేది. దొరకని పేరు ఎక్సెప్షన్‌లోనే అచ్చయ్యేది.

ఈ బరువు మీద తిరుగుబాటు ఒక పుస్తకంతో మొదలైంది. రాడ్ జాన్సన్ 2002లో జే2ఈఈ డిజైన్ మీద ఒక పుస్తకం రాసి, దానితోపాటు సుమారు 30,000 లైన్ల కోడ్ ఇచ్చాడు. క్లాసులు తమకు కావలసినవి వెతుక్కోనక్కర్లేదు, కంటెయినరే సెట్టర్ ద్వారా అందిస్తుంది అన్నది అందులోని కీలకం. ఆ కోడును ఓపెన్ సోర్స్ చేయమని యుర్గెన్ హోల్లర్, యాన్ కారోఫ్ పట్టుబట్టారు. అదే స్ప్రింగ్ అయింది. జే2ఈఈ చలికాలం తర్వాత వచ్చే వసంతం అని ఆ పేరు. 1.0 వెర్షన్ 2004 మార్చిలో వచ్చింది. అంతకు రెండు నెలల ముందు, జనవరిలో, మార్టిన్ ఫౌలర్ తన వ్యాసంలో ఈ పద్ధతికి ‘డిపెండెన్సీ ఇంజెక్షన్’ అని పేరు స్థిరపరిచాడు. అంతవరకు ‘ఇన్వర్షన్ ఆఫ్ కంట్రోల్’ అనే విశాలమైన మాటే వాడుకలో ఉండేది. దాని కింద ఇంకా చాలా సంగతులు పట్టేవి గనక ఈ ఒక్కదానికి వేరే పేరు అవసరమైంది.

తొలి స్ప్రింగ్‌లో బీన్లను, అంటే కంటెయినర్ పుట్టించి చూసుకునే ఆబ్జెక్టులను, కలిపే పనంతా ఎక్స్‌ఎంఎల్‌లోనే జరిగేది. ఏ బీన్‌కు ఏ బీన్ అందాలో వరసగా రాయాలి. ప్రాజెక్టు పెరిగేకొద్దీ ఆ ఫైలు వందల లైన్లు దాటేది. క్లాసు పేరు మార్చి ఎక్స్‌ఎంఎల్‌లో మార్చడం మర్చిపోతే సర్వర్ లేచేది కాదు. విసుగు పుట్టించే తప్పే గానీ మోసం చేసే తప్పు కాదు. పైగా వైరింగ్ అంతా ఒకేచోట కనిపించేది. కొత్తగా చేరిన ప్రోగ్రామర్ ఆ ఫైలు తెరిస్తే అప్లికేషన్ మొత్తం పటంలా ఉండేది. తర్వాతి పద్ధతిలో పోయింది ఆ పటమే.

2004 సెప్టెంబరు 30న జావా 5 వచ్చింది. జేఎస్‌ఆర్ 175 అనే ప్రమాణ ప్రతిపాదన ప్రకారం యానొటేషన్లు భాషలో భాగమయ్యాయి. అప్పటికే ఎక్స్‌డాక్లెట్ అనే పనిముట్టు జావాడాక్ కామెంట్లలోని ట్యాగులు చదివి ఎక్స్‌ఎంఎల్ ఫైళ్లు పుట్టించేది. కోడ్ పక్కనే వివరం ఉండాలన్న కోరిక అప్పటికే బలంగా ఉందనడానికి అదే సాక్ష్యం. జావా 5 ఆ కోరిక తీర్చింది గానీ, భాషను రూపొందించినవాళ్లు తీసుకున్న రెండు నిర్ణయాలు తర్వాతి ఇరవై ఏళ్ల తలనొప్పికి పునాది వేశాయి. యానొటేషన్ దానంతటది ఏ పనీ చేయదు, ఎవరైనా చదివితేనే దానికి విలువ అన్నది మొదటిది. రెండోది ఇంకా సూక్ష్మమైనది. ఒక క్లాసు మీద ఉన్న యానొటేషన్ తాలూకు నిర్వచనం రన్ టైములో క్లాస్‌పాత్‌లో దొరక్కపోతే, జేవీఎం ఫిర్యాదు చేయదు. ఆ గుర్తు అసలు లేనట్టే ముందుకు పోతుంది. మామూలు క్లాసు దొరక్కపోతే గగ్గోలు పెట్టే జావా, యానొటేషన్ దొరక్కపోతే నోరు మెదపదు.

2006 మేలో జావా ఈఈ 5 ఈ గుర్తులను ప్రమాణంలోకి తెచ్చింది. జేఎస్‌ఆర్ 250 నుంచి ‘రిసోర్స్’, ‘పోస్ట్‌కన్‌స్ట్రక్ట్’ వచ్చాయి. ఈజేబీ 3.0 నుంచి ‘ఈజేబీ’ గుర్తు వచ్చింది. ఎక్స్‌ఎంఎల్ సందేశాలతో నడిచే సోప్ సర్వీసులకు జేఏఎక్స్-డబ్ల్యూఎస్ 2.0 ‘వెబ్‌సర్వీస్‌రెఫ్’ ఇచ్చింది. లుకప్ లైన్లన్నీ పోయి ఒక్క గుర్తు మిగలడం చూసిన ప్రోగ్రామర్లు, సహజంగానే, దాన్ని కనిపించిన ప్రతి క్లాసులో పెట్టారు. ప్రమాణం మాత్రం అలా ఒప్పుకోలేదు. సర్వ్‌లెట్, ఫిల్టర్, లిజనర్, ఈజేబీ, వెబ్ సర్వీస్ ఎండ్‌పాయింట్ లాంటి, కంటెయినరే పుట్టించే కొన్ని రకాల క్లాసుల్లో మాత్రమే ఇంజెక్షన్ జరుగుతుంది. మామూలు హెల్పర్ క్లాసులో ‘ఈజేబీ’ గుర్తు పెడితే అది అలంకారమే. హెచ్చరిక కూడా రాదు.

అదే కాలానికి చెందిన మరో ఉచ్చు వెబ్.ఎక్స్‌ఎంఎల్ మొదటి లైన్లలో ఉండేది. ఫైలులో ‘మెటాడేటా-కంప్లీట్’ విలువ ట్రూ అని ఉంటే, అంతా ఇందులోనే రాశాం, గుర్తులు చూడొద్దు అని కంటెయినర్‌కు చెప్పినట్టు. దాని వెర్షన్ 2.4 లేదా అంతకు ముందుదైతే ఆ మాట రాయకపోయినా రాసినట్టే లెక్క. పాత ప్రాజెక్టు నుంచి వెబ్.ఎక్స్‌ఎంఎల్‌ను కాపీ చేసి కొత్త ప్రాజెక్టు మొదలుపెట్టే అలవాటు ఎంతమందిదో తెలిసిందే. కోడ్‌లో ఎక్కడ వెతికినా తప్పు దొరికేది కాదు, ఎందుకంటే తప్పు కోడ్‌లో లేదు. ఎవరూ చదవని హెడర్‌లోని రెండు అంకెల్లో ఉంది.

2007లో రెండు ముఖ్యమైన విడుదలలు జరిగాయి. మార్చిలో గూగుల్ నుంచి బాబ్ లీ, కెవిన్ బోరిలియన్ రాసిన జ్యూస్ 1.0 వచ్చింది. ఎక్స్‌ఎంఎల్ అసలు లేకుండా, జావా కోడ్‌లోనే వైరింగ్ రాసి, ‘ఇంజెక్ట్’ గుర్తుతో అందుకునే పద్ధతి అది. నవంబరులో స్ప్రింగ్ 2.5 ‘ఆటోవైర్డ్’, ‘సర్వీస్’, ‘కంట్రోలర్’ లాంటి గుర్తులను, వాటిని వెతికే కంపోనెంట్ స్కాన్‌ను తెచ్చింది. ఎక్స్‌ఎంఎల్ ఫైల్లో ఒక్క లైను రాసి, ఏ ప్యాకేజీ కింద వెతకాలో చెబితే చాలు. ఆ ప్యాకేజీ పేరు తప్పితే, లేదా కొత్త క్లాసు పక్క ప్యాకేజీలో పడితే, అది స్ప్రింగ్ కంట పడదు. అయితే ‘ఆటోవైర్డ్’లో ఒక మంచి నిర్ణయం ఉంది: కావలసినది దొరక్కపోతే సర్వర్ లేవకుండా ఆపేయడం దాని సహజ స్వభావం. అందువల్ల ‘నో సచ్ బీన్ డెఫినిషన్’ ఎక్సెప్షన్‌ను చూసి జడుసుకోవడం కొత్తవాళ్ల లక్షణమైతే, దాన్ని చూసి ఊపిరి పీల్చుకోవడం పాతవాళ్ల లక్షణం. స్ప్రింగ్‌కు కనీసం ఆ గుర్తు పెట్టిన క్లాసు గురించి తెలుసని ఆ ఎక్సెప్షనే చెబుతోంది. నల్ వచ్చిందంటే స్ప్రింగ్ ఆ ఆబ్జెక్టును ముట్టుకోనే లేదు.

ఈ తేడా వెబ్ సర్వీసుల్లో కొట్టొచ్చినట్టు కనిపించేది. ఒక సోప్ సర్వీసును దగ్గరగా చూస్తే సంగతి తేలుతుంది. ఎండ్‌పాయింట్ క్లాసు మీద ‘వెబ్‌సర్వీస్’ గుర్తు ఉంది, ‘సర్వీస్’ గుర్తు కూడా ఉంది. లోపల ఆర్డర్ల రిపాజిటరీకి ‘ఆటోవైర్డ్’ పెట్టారు. స్కాన్ లైను సరిగానే ఉంది. సర్వర్ లేచింది. సర్వీసు వివరాలుండే డబ్ల్యూఎస్‌డీఎల్ ఫైలు బ్రౌజర్లో తెరుచుకుంది. మొదటి పిలుపుకు నల్ పాయింటర్. అప్పుడు అనుభవజ్ఞులు చేసే పని ఒకటే: కన్‌స్ట్రక్టర్‌లో ఒక లైను రాసి ఆబ్జెక్టు హ్యాష్ కోడ్ ప్రింట్ చేయించడం, పిలుపు అందుకునే మెథడ్‌లో మళ్లీ ప్రింట్ చేయించడం. లాగ్‌లో కన్‌స్ట్రక్టర్ లైను రెండుసార్లు కనబడుతుంది, రెండు వేర్వేరు అంకెలతో. ఒక ఆబ్జెక్టును స్ప్రింగ్ పుట్టించింది, దానికి రిపాజిటరీ అందింది, అది ఓ మూల కూర్చుని ఉంది. రెండోదాన్ని సోప్ ఇంజిన్ తన సర్వ్‌లెట్ ద్వారా సొంతంగా పుట్టించింది. రిక్వెస్టులు వెళ్తున్నది ఆ రెండోదానికి. కవలల్లో ఒకరికి అన్నం పెట్టి మరొకరిని బడికి పంపినట్టు.

స్ప్రింగ్ తయారీదారులు ఈ కవలల సంగతి గుర్తించి ‘స్ప్రింగ్ బీన్ ఆటోవైరింగ్ సపోర్ట్’ అనే బేస్ క్లాసు ఇచ్చారు. ఎండ్‌పాయింట్ దాన్ని ఎక్స్‌టెండ్ చేస్తే, ఎవరు పుట్టించినా సరే, పుట్టగానే వెబ్ అప్లికేషన్ కాంటెక్స్ట్‌ను వెతికి తన ఫీల్డులు నింపుకుంటుంది. రెస్ట్ సర్వీసుల్లోనూ ఇదే కథ నడిచింది. 2008లో వచ్చిన జేఏఎక్స్-ఆర్‌ఎస్ 1.0 ప్రకారం రిసోర్స్ క్లాసు ప్రతి రిక్వెస్టుకూ కొత్తగా పుడుతుంది. పుట్టించేది జెర్సీ లాంటి ఇంజిన్, స్ప్రింగ్ కాదు. జెర్సీతోపాటు వచ్చే స్ప్రింగ్ సర్వ్‌లెట్‌కు బదులు మామూలు సర్వ్‌లెట్ కంటెయినర్‌ను వెబ్.ఎక్స్‌ఎంఎల్‌లో రాస్తే మళ్లీ నల్లే. స్ప్రింగ్ ఎంవీసీ వాడినచోట రూట్ కాంటెక్స్ట్, డిస్పాచర్ కాంటెక్స్ట్ అని రెండు ఉండేవి. ఒకే ప్యాకేజీని రెండూ స్కాన్ చేస్తే ప్రతి సర్వీసుకూ రెండేసి కాపీలు పుట్టేవి. ట్రాన్సాక్షన్ సెట్టింగ్ రూట్‌లో మాత్రమే ఉంటే డిస్పాచర్ కాపీకి ట్రాన్సాక్షన్ ఉండేది కాదు. ఇక్కడ నల్ కూడా రాదు. డేటా సేవ్ కావాల్సిన తీరులో సేవ్ కాదు, అంతే.

సరిగ్గా ఈ ఏళ్లలోనే హైదరాబాద్ అమీర్‌పేట కోచింగ్ సెంటర్లలో కోర్ జావా, అడ్వాన్స్‌డ్ జావా తర్వాత స్ట్రట్స్, స్ప్రింగ్, హైబర్నేట్ తప్పనిసరి మెట్లయ్యాయి. సెట్టర్ ఇంజెక్షన్‌కూ కన్‌స్ట్రక్టర్ ఇంజెక్షన్‌కూ తేడా ఏమిటన్నది ఇంటర్వ్యూల్లో నలిగిన ప్రశ్న. ఆబ్జెక్టును ఎవరు పుట్టించారో కనుక్కోవడం ఎలా అన్నది మాత్రం ఉద్యోగంలో చేరాక లాగ్ ముందు కూర్చుని నేర్చుకునే విద్యగానే ఉండిపోయింది.

2009లో ప్రమాణాల గొడవ వచ్చింది. గ్యావిన్ కింగ్ నాయకత్వంలో ‘వెబ్ బీన్స్’ పేరుతో మొదలైన జేఎస్‌ఆర్ 299 జావా ఈఈ కోసం పెద్ద ఇంజెక్షన్ వ్యవస్థను రూపొందిస్తోంది. అదే ఏడాది బాబ్ లీ, రాడ్ జాన్సన్ కలిసి చిన్న ప్రమాణంగా జేఎస్‌ఆర్ 330ని ప్రతిపాదించారు. పోటీదారులైన జ్యూస్, స్ప్రింగ్ మనుషులు ఒకే కాగితం మీద సంతకం చేయడం అప్పట్లో వార్త. 330లో ఉన్నది అయిదు యానొటేషన్లు, ఒక ఇంటర్‌ఫేస్, అంతే. అక్టోబరుకల్లా అది ఖరారైంది. 299 దాని మీదే తన ఇల్లు కట్టుకుని, కాంటెక్స్ట్స్ అండ్ డిపెండెన్సీ ఇంజెక్షన్, అంటే సీడీఐ అనే పేరుతో డిసెంబరులో జావా ఈఈ 6లో భాగమైంది. రాజీ కుదిరింది గానీ దానికి మూల్యం ఉంది. ఇప్పుడు ‘ఇంజెక్ట్’ అనే ఒకే గుర్తును చదివేవాళ్లు అనేకులు. గుర్తు చూసి అది ఎవరి కోసమో చెప్పడం కుదరదు.

జెర్సీ 2లో ఇది ముదిరింది. ఆ ఇంజిన్‌కు లోపల హెచ్‌కే2 అనే సొంత ఇంజెక్షన్ వ్యవస్థ ఉంది. జావా ఈఈ సర్వర్‌లో అదే ‘ఇంజెక్ట్’ను సీడీఐ కూడా చూస్తుంది. సీడీఐలో నమోదైన బీన్‌ను హెచ్‌కే2 వెతికినా, హెచ్‌కే2 బైండర్‌లో రాసినదాన్ని సీడీఐ వెతికినా ‘అన్‌శాటిస్ఫైడ్ డిపెండెన్సీ’ అనే జవాబే వచ్చేది. ప్రోగ్రామర్ దృష్టిలో క్లాసు ఉంది, గుర్తు ఉంది, బైండింగ్ ఉంది. లేనిదల్లా వెతికేవాడికీ దాచినవాడికీ పరిచయం. 2017లో వచ్చిన జెర్సీ 2.26 హెచ్‌కే2ను వేరే మాడ్యూల్‌గా విడదీసింది. ఆ జార్ చేర్చకుండా వెర్షన్ మాత్రం పెంచినవాళ్లకు ‘ఇంజెక్షన్ మేనేజర్ ఫ్యాక్టరీ నాట్ ఫౌండ్’ అని సర్వర్ మొరాయించింది. కొత్త విడుదలను అందరూ తిట్టుకున్నారు. కానీ నల్‌తో పోలిస్తే అది ఎంతో మర్యాదగల తప్పు.

తప్పును మర్యాదగా చెప్పించే దిశలోనే తర్వాతి దశాబ్దం నడిచింది. ఫీల్డు మీద గుర్తు పెట్టడం మానేసి కన్‌స్ట్రక్టర్ ద్వారా తీసుకోవాలన్న వాదన బలపడింది. వస్తువు లేకుండా ఆబ్జెక్టే పుట్టదు కాబట్టి నల్‌కు చోటుండదు. కన్‌స్ట్రక్టర్‌లోనే ఇంజెక్ట్ చేసిన ఫీల్డును వాడబోయి నల్ చూసే పాత పొరపాటు కూడా పోతుంది. ఫీల్డులు కన్‌స్ట్రక్టర్ ముగిశాకే నిండుతాయన్నది చాలామంది దెబ్బ తిని నేర్చుకున్న పాఠం. 2016లో స్ప్రింగ్ 4.3 ఒకే కన్‌స్ట్రక్టర్ ఉన్న క్లాసుకు ‘ఆటోవైర్డ్’ రాయనక్కర్లేదని తేల్చింది. అదే ఏడాది స్ప్రింగ్ బూట్ 1.4 ‘ఫెయిల్యూర్ అనలైజర్’లను తెచ్చింది. అంతవరకు ఒకదాన్లో ఒకటి చుట్టుకున్న ఎక్సెప్షన్లను అడుగుదాకా చదివి ఆఖరి ‘కాజ్డ్ బై’ని పట్టుకోవాల్సి వచ్చేది. ఇప్పుడు ఏ కన్‌స్ట్రక్టర్‌కు ఏ టైపు బీన్ దొరకలేదో, ఏం చేస్తే బాగుంటుందో నాలుగు లైన్లలో వస్తుంది. ఒకటికి రెండు బీన్లు దొరికితే వాటి పేర్లు చెప్పి, ఒకదానికి ‘ప్రైమరీ’ అనో ‘క్వాలిఫయర్’ అనో పెట్టుకోమంటుంది. రెండు బీన్లు ఒకదాన్నొకటి అడిగే చక్రంతో స్ప్రింగ్ ఏళ్ల తరబడి సర్దుకుపోయింది. 2021లో బూట్ 2.6 నుంచి అది డిఫాల్ట్‌గా నిషిద్ధం.

పేర్ల చిక్కు మాత్రం వదల్లేదు. ‘రిసోర్స్’ ముందు ఫీల్డు పేరుతో వెతుకుతుంది. ‘ఆటోవైర్డ్’ ముందు టైపుతో వెతుకుతుంది, ఒకటికి మించి దొరికితేనే పేరు చూస్తుంది. ఒకదాని బదులు మరొకటి పెట్టి, రెండూ ఒకటే అనుకునేవాళ్లకు రెండో డేటాసోర్స్ చేరిన రోజున తేడా తెలుస్తుంది. 2023 నవంబరులో స్ప్రింగ్ 6.1, క్లాస్ ఫైల్లోని డీబగ్ సమాచారం నుంచి పారామీటర్ పేర్లు ఊహించడం మానేసింది. కంపైలర్‌కు ‘పారామీటర్స్’ అనే ఫ్లాగ్ ఇవ్వని ప్రాజెక్టుల్లో, కన్‌స్ట్రక్టర్ పారామీటర్ పేరును బట్టి కుదిరిన ఎంపికలు కుదరడం మానేశాయి. కోడ్‌లో ఒక్క అక్షరం మారలేదు. కొందరికి ఈ తప్పు ఐడీఈలో నడిపితే రాదు, బిల్డ్ సర్వర్‌లో కట్టిన జార్‌లోనే వస్తుంది, ఎందుకంటే రెండుచోట్లా ఫ్లాగులు వేరు.

యానొటేషన్ దొరక్కపోతే జేవీఎం నోరు మెదపదన్న 2004 నాటి నిర్ణయం అసలు దెబ్బ 2018లో కొట్టింది. ఆ సెప్టెంబరులో వచ్చిన జావా 11, అంతకుముందు జేడీకేతోనే వచ్చే జావా ఈఈ మాడ్యూళ్లను తీసేసింది. ‘పోస్ట్‌కన్‌స్ట్రక్ట్’, ‘రిసోర్స్’ వాటిలో ఉన్నాయి. మళ్లీ కంపైల్ చేసినవాళ్లకు కంపైలరే ఆపి చెప్పింది. జావా 8లో కట్టిన జార్‌ను అలాగే తెచ్చి జావా 11 మీద నడిపినవాళ్లకు ఎవరూ ఏమీ చెప్పలేదు. ప్రారంభంలో క్యాష్ నింపాల్సిన మెథడ్ నడవలేదు, అంతే. ఒక చిన్న జార్ చేర్చితే తీరే సమస్య, కానీ అది సమస్య అని కనుక్కోవడానికే రోజులు పట్టేది.

దాని వెనకే పేరు మార్పు వచ్చింది. 2017లో ఒరాకిల్ జావా ఈఈని ఎక్లిప్స్ ఫౌండేషన్‌కు అప్పగించింది, కానీ ‘జావాఎక్స్’ ప్యాకేజీలను కొత్త యజమాని మార్చుకోవడానికి ఒప్పందం కుదరలేదు. 2020 డిసెంబరులో వచ్చిన జకార్తా ఈఈ 9లో ప్యాకేజీల పేర్లన్నీ ‘జకార్తా’తో మొదలయ్యాయి. 2022 నవంబరులో స్ప్రింగ్ 6, బూట్ 3 ఆ దారి పట్టాయి. జకార్తా సర్వర్ మీద, సీడీఐ కంటికి, ‘జావాఎక్స్’ ఇంట్లో పుట్టిన ‘ఇంజెక్ట్’ గుర్తు గుర్తే కాదు. పాత జార్ అప్లికేషన్ లోపల ఉంటే కంపైల్ అవుతుంది, లోడ్ అవుతుంది, ఫీల్డు మాత్రం ఖాళీగా ఉంటుంది. ఐడీఈ అందించే ఇంపోర్టుల జాబితాలో రెండూ పక్కపక్కనే కనబడతాయి. పైనున్నదాని మీద ఎంటర్ కొట్టేస్తే అంతే సంగతులు.

ఇన్ని చిక్కులు రన్ టైములోనే ఎందుకు బయటపడాలన్న ప్రశ్నకు ఒక వర్గం వేరే దారి వెతికింది. 2012లో స్క్వేర్ సంస్థ విడుదల చేసిన డ్యాగర్, ఆ తర్వాత గూగుల్ చేపట్టిన డ్యాగర్ 2, యానొటేషన్లను కంపైల్ సమయంలోనే చదివి వైరింగ్ కోడును పుట్టిస్తాయి. కావలసినది లేకపోతే బిల్డే ఆగుతుంది. అది ముఖ్యంగా ఆండ్రాయిడ్‌లో స్థిరపడింది. సర్వర్ వైపు ఆ పని మైక్రోనాట్ చేసింది, దాని 1.0 2018 అక్టోబరులో వచ్చింది. 2019లో రెడ్ హ్యాట్ ప్రకటించిన క్వార్కస్ సీడీఐనే బిల్డ్ దశకు తరలించింది. ఇక మిగిలిన నల్‌ల విషయంలో జావాయే ఓ మెట్టు దిగింది. 2020లో జావా 14 నుంచి, ఏ ఫీల్డు నల్‌గా ఉండటం వల్ల ఏ మెథడ్‌ను పిలవలేకపోయిందో ఎక్సెప్షన్‌లోనే రాయించే వీలు కలిగింది. జావా 15లో అది డిఫాల్ట్ అయింది. ‘దిస్.ఆర్డర్‌రిపాజిటరీ నల్’ అని లాగ్‌లో చూడటానికి ఫీల్డు ఇంజెక్షన్ వాడినవాళ్లు పద్నాలుగేళ్లు ఆగారు.

సీడీఐలో బీన్స్.ఎక్స్‌ఎంఎల్ అనే ఫైలు సంగతి విడిగా చెప్పుకోవాలి. 2009 నాటి సీడీఐ 1.0 ప్రకారం ఆ ఫైలు ఉన్న జార్‌లోనే బీన్లను వెతుకుతారు. లోపల ఏమీ రాయనక్కర్లేదు, ఖాళీ ఫైలైనా చాలు. ఖాళీ ఫైలు పెట్టడం మర్చిపోతే వందల క్లాసుల ఇంజెక్షన్ ఆగిపోవడం చూసి కొత్తవాళ్లు తెల్లబోయేవారు. 2013లో జావా ఈఈ 7 దీన్ని సడలించింది. ఫైలు లేకపోయినా, స్కోప్ లాంటి కొన్ని గుర్తులున్న క్లాసులను మాత్రం వెతుకుతారు. జేఎస్‌ఆర్ 330 నుంచి వచ్చిన ‘సింగిల్‌టన్’ ఆ కొన్నింటిలో లేదు, అది పెట్టి సరిపోయిందనుకున్నవాళ్లు మళ్లీ మొదటికి వచ్చారు. 2022లో జకార్తా ఈఈ 10తో వచ్చిన సీడీఐ 4.0, ఖాళీ ఫైలు అర్థాన్నే మార్చింది. అంతవరకు ఖాళీ బీన్స్.ఎక్స్‌ఎంఎల్ అంటే అన్ని క్లాసులనూ చూడమని. అప్పటి నుంచి గుర్తున్నవాటినే చూడమని. పాత పద్ధతి కావాలంటే ఆ ఫైలు తెరిచి, డిస్కవరీ మోడ్ ‘ఆల్’ అని రాయాలి.